హుస్సేన్‌సాగర్‌కు ఎగువన

రాణిగంజ్ మీదుగా ట్యాంక్‌బండ్ ఎక్కే సికింద్రాబాద్ వాసులకు హుస్సేన్‌సాగర్ రంగులు మార్చడం కొత్త కాదు. గట్టి వాన పడ్డ వారంలో ఎర్రమట్టి కలిసిన చాయ, వానలు వెనకబట్టాక పాచిపట్టిన పచ్చ, ఎండలు ముదిరాక ముక్కు మూసుకోక తప్పని చిక్కదనం. ఈ మార్పులన్నిటినీ మనం చెరువుకు వచ్చిన రోగంగానే లెక్కేస్తాం. రోగం చెరువుదే అయితే వైద్యమూ చెరువుకే చేయాలి కదా! అందుకే కొన్ని దశాబ్దాలుగా అందులోకి యంత్రాలు దించాం, పూడిక తోడాం, గుర్రపుడెక్క పీకాం, సూక్ష్మజీవుల ద్రావణాలు చల్లాం. వీటిలో ఏదీ పూర్తిగా వృథా అనను. కానీ చెరువును పాడుచేస్తున్న రెండు సరుకులు, అంటే మొక్కలకు ఎరువుగా పనికొచ్చే నత్రజని, భాస్వరం ఒకటి, కొట్టుకొచ్చే మట్టి మరొకటి, ఈ రెండూ చెరువులో పుట్టినవి కావు. పైనుంచి వచ్చాయి. ఎంత వస్తున్నాయో, ఏ నాలాలో వస్తున్నాయో బరువు కట్టి చెప్పే ఏర్పాటు లేనంత కాలం మనం చేసేది శుభ్రపరచడం కాదు, సరుకును ఒక చోటి నుంచి మరో చోటికి చేరవేయడం. ఈ పూట నా వాదన ఇంతే. దీనికి ఎదురు చెప్పే మాటలూ ఉన్నాయి, వాటిలో కొన్ని గట్టివే.

ముందు చెరువు నిర్మాణం సంగతి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టించిన చెరువిది. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా నీళ్లు తెచ్చి నింపేవారు. ఇప్పుడు ఆ కాలువ పేరు మిగిలింది, దాంట్లో పారేది మాత్రం మురుగు. చెరువు విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. దానిలోకి నీరు వచ్చే నేల సుమారు 240 చదరపు కిలోమీటర్లు. అంటే చెరువులో ప్రతి ఎకరానికీ ఎగువన నలభై ఎకరాలకు పైగా నేల తన మట్టినీ మురుగునూ పంపిస్తోంది. పంపే దారులు ముఖ్యంగా నాలుగు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు. కూకట్‌పల్లి నాలా అన్నిటికన్నా పెద్దది, బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామిక వాడల మీదుగా వస్తుంది. పికెట్ నాలా మన సికింద్రాబాద్‌ది. బోయినపల్లి, పికెట్, రసూల్‌పురాల నీళ్లు అందులోకే చేరతాయి. 1806లో దండు విడిది కోసం వెలిసిన ఈ ఊరు, చెరువుకు ఉత్తరాన ఎత్తు మీద కూర్చుంది. ఎత్తు మీద ఉన్నవాళ్లకు పల్లం కష్టం కనిపించదు. దుర్వాసన ట్యాంక్‌బండ్ దగ్గర వస్తుంది, కారణం కార్ఖానా సందుల్లో ఉంటుంది.

భాస్వరం, నత్రజని విషాలు కావు. రైతు డబ్బు పెట్టి కొనే డీఏపీలో ఉండేవి అవే. నీళ్లలో అవి ఎక్కువైనప్పుడు పంటకు బదులు నాచు పండుతుంది. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీలుస్తుంది, చచ్చి అడుక్కు చేరాక కుళ్లుతూ మిగిలింది కూడా లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు తేలడం వెనక చాలాసార్లు ఉండే కథ ఇది. రెండింటిలో మంచినీటి చెరువులకు సాధారణంగా ముక్కుతాడు వేసేది భాస్వరమే. కెనడాలోని అంటారియోలో 1973లో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండు సగాలు చేసింది. రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడ్డ సగం ఆకుపచ్చగా మారిపోయింది, రెండో సగం అలాగే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటో ప్రపంచంలో ఎన్నో ప్రభుత్వాల చేత చట్టాలు చేయించింది. ఒక కిలో భాస్వరం నీళ్లలో పడితే తడి బరువులో కొన్ని వందల కిలోల నాచు పెరగడానికి చాలు. మనిషి ఒంట్లోంచి రోజుకు ఇంచుమించు ఒక గ్రాము భాస్వరం బయటికి పోతుంది, అదీ ఎక్కువగా మూత్రంలో. పది లక్షల మంది ఉన్న పరీవాహకం అంటే రోజుకు టన్ను భాస్వరం ఎక్కడో ఒక చోట చేరుతోందన్న మాట. సబ్బు పొడుల్లోది దీనికి అదనం.

మట్టి సంగతి విడిగా చెప్పుకుంటారు గాని, అది భాస్వరం కథలో సగం. భాస్వరం మట్టి రేణువులను, ముఖ్యంగా ఇనుము ఉన్న సన్నని రేణువులను పట్టుకుని ప్రయాణిస్తుంది. నాలాలో కొట్టుకొచ్చిన మట్టి చెరువు అడుగున పేరుకుంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయిన రోజున ఇనుము పట్టు వదులుతుంది, భాస్వరం మళ్లీ నీళ్లలోకి వస్తుంది. పైనుంచి కొత్తగా ఒక్క చుక్క మురుగు రాకపోయినా చెరువు కొన్నేళ్లపాటు పచ్చబడుతూనే ఉండటానికి కారణం ఇదే. అంటే పూడిక అనేది గతంలో మనం వదిలిన మురుగుకు డిపాజిట్టు. ఇక ఈ మట్టి ఎప్పుడు వస్తుంది? రోజూ కొంచెం కొంచెంగా రాదు. సంవత్సరానికి ఎనభై సెంటీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ ఊళ్లో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. అలాంటి రెండు మూడు రోజుల్లో వచ్చే మట్టి, మిగతా ఏడాదంతా వచ్చే మట్టిని మించిపోవచ్చు. నెలకోసారి బాటిల్‌లో పట్టుకెళ్లే నీటి నమూనాకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? వాన వెలిసిన నాలుగో రోజున తీసిన నమూనాలో నీళ్లు కాస్త మెరుగ్గా కూడా కనిపిస్తాయి.

ఒకప్పుడు ఈ మట్టిని మధ్యలోనే ఆపే ఏర్పాటు ఉండేది. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. ప్రతి చెరువూ నీళ్లను నిలబెట్టి మట్టిని దింపుకునేది, తేరిన నీటిని కిందికి వదిలేది. ఎండాకాలంలో రైతులు ఆ మట్టిని బండ్లకెత్తి పొలాల్లో పోసుకునేవారు. చెరువు లోతు నిలిచేది, పొలానికి సత్తువ వచ్చేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ప్రభుత్వం పల్లెల్లో పునరుద్ధరించాలనుకున్నది ఈ రాకపోకలనే. నగరంలో ఆ గొలుసు తెగింది. చెరువులు కొన్ని కాలనీలయ్యాయి, కొన్ని కుంచించుకుపోయాయి. మిగిలినవాటి మట్టిని ఏ రైతూ ఇంటికి తీసుకుపోడు, తీసుకుపోనివ్వకూడదు కూడా. పారిశ్రామిక వాడల మీదుగా వచ్చిన పూడికలో భార లోహాలు చేరే ప్రమాదం ఉంటుంది. ఎరువు కావలసిన మట్టి చెత్త అయింది. ఈ నష్టాన్ని ఏ బడ్జెట్‌లోనూ రాయరు.

ఇప్పుడు చేసిన పనుల విషయానికి వస్తాను. 2006లో జపాన్ బ్యాంకు రుణంతో హుస్సేన్‌సాగర్, దాని పరీవాహక ప్రాంత అభివృద్ధి పథకం చేపట్టారు. ఆ పథకం పేరులోనే పరీవాహకం ఉంది, అంటే విషయం తెలియక కాదు. నాలాల నోళ్ల దగ్గర పూడిక తీశారు, నీరు శుద్ధి చేసే కేంద్రాలు పెట్టారు, వానలు లేని రోజుల్లో మురుగు చెరువులోకి రాకుండా పక్కకు తిప్పే పనులు చేశారు. 2015లో చెరువును ఏకంగా ఖాళీ చేసి అడుగు శుభ్రం చేయాలన్న ఆలోచన జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఆగింది. ఆ తర్వాత సూక్ష్మజీవులను చల్లే విధానం వచ్చింది. దీని మీద చాలామందికి నమ్మకం ఉంది, కొంతవరకు న్యాయమైన నమ్మకమే. సూక్ష్మజీవులు కుళ్లే పదార్థాన్ని తింటాయి, వాసన తగ్గుతుంది. పరిస్థితి అనుకూలిస్తే నత్రజనిలో కొంత వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. భాస్వరానికి అలా ఎగిరిపోయే దారి లేదు. సూక్ష్మజీవి దాన్ని తింటే తన ఒంట్లో దాచుకుంటుంది, చచ్చాక మళ్లీ చెరువుకే ఇస్తుంది. భాస్వరం చెరువును వదలాలంటే మూడే మార్గాలు: తూము గుండా కిందికి పోవాలి, పూడికతో పాటు బయటికి రావాలి, మొక్కలు పీల్చుకున్నాక ఆ మొక్కలను పీకి దూరంగా తీసుకుపోవాలి. గుర్రపుడెక్క తీయడం ఈ మూడో మార్గమే కాబట్టి దాన్ని తప్పుపట్టను. అయితే నాలాలు అలాగే పారుతుండగా గుర్రపుడెక్క తీయడం, ఒక చేత్తో యూరియా చల్లుతూ ఇంకో చేత్తో కలుపు తీసినట్టుంటుంది. కూలీ గిట్టదు.

మళ్లింపు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎక్కువ నమ్మకం దాని మీదే పెట్టారు. కూకట్‌పల్లి నాలా మురుగును చెరువులోకి రానీయకుండా గొట్టాల్లో అంబర్‌పేట వైపు పంపిస్తే చెరువుకు ఊరట దొరుకుతుంది. దొరికింది కూడా. మరి అంబర్‌పేటలో ఏమవుతుంది? అక్కడి పాత శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు, ఇంజనీర్ల భాషలో 339 ఎంఎల్‌డీ. అది గాలి తగలని తొట్టెల్లో మురుగును పులియబెట్టి, కుళ్లే పదార్థాన్ని చాలావరకు తగ్గించి, గ్యాస్ కూడా ఇచ్చే పద్ధతి. కరెంటు ఖర్చు తక్కువ, అందుకే ఎంచుకున్నారు. కాకపోతే ఆ పద్ధతి నత్రజని, భాస్వరాలను దాదాపు ముట్టుకోదు. లెక్క కష్టమైంది కాదు. ఒక ఎంఎల్‌డీ నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే రోజుకు ఒక కిలో. ఇళ్ల మురుగులో లీటరుకు ఐదు నుంచి పది మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తక్కువ అంకె ఐదునే తీసుకున్నా 339 ఎంఎల్‌డీలో రోజుకు దాదాపు 1,700 కిలోలు. ఇంత సరుకు హుస్సేన్‌సాగర్ నుంచో, దాని పక్క నుంచో, మిగతా నగరం నుంచో బయలుదేరి చివరికి మూసీకి చేరుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో సూర్యాపేట జిల్లా సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది. మనకు ముక్కు మూసుకునే బాధ తప్పితే అక్కడివాళ్లకు చుట్టుకుంటుంది.

ఇక్కడ ఒక మంచి అభ్యంతరం వస్తుంది. అమెరికాలో సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు అచ్చం ఇలాగే పచ్చబడింది. జంతుశాస్త్రవేత్త ఎడ్మండ్‌సన్ హెచ్చరికలతో జనం 1958లో ఓటేసి మురుగును మళ్లించాలని నిర్ణయించారు. 1963 నుంచి 1968 దాకా దశలవారీగా మళ్లించారు, సరస్సు కొన్నేళ్లలోనే తేటపడింది. ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే విజయమది. మళ్లింపు పనిచేయదని ఎలా అంటాం? పనిచేయదని నేనూ అనడం లేదు. సియాటిల్‌వాళ్లు మురుగును శుద్ధి చేసి, సముద్రపు ఆటుపోట్లు ఆడే లోతైన పాయలోకి వదిలారు. మన మళ్లింపు వేసవిలో సొంత నీరు దాదాపు ఉండని నదిలోకి. నది నిండా నీళ్లుంటే కలిసిన మురుగు పలచబడేది. మార్చి తర్వాత అంబర్‌పేట దగ్గర మూసీ అంటేనే నగరం వదిలిన నీళ్లు. అక్కడ పలచబడటానికి ఏముంది? సియాటిల్ పాఠాన్ని సగమే దిగుమతి చేసుకున్నాం.

రెండో అభ్యంతరం కింది రైతుల తరఫున వస్తుంది, దీన్ని తోసిపుచ్చడం అంత సులువు కాదు. మూసీ నీళ్లలోని నత్రజని, భాస్వరం పొలానికి ఉచిత ఎరువే కదా, ఘట్‌కేసర్ నుంచి కిందికి వరి, పశువుల పచ్చగడ్డి ఆ నీళ్ల మీదే పండుతున్నాయి కదా, వాటిని డబ్బు ఖర్చు చేసి తీసేయడం దేనికి అంటారు. ఫాస్ఫేట్ రాయిలో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి కొనుక్కునే దేశంలో ఈ ప్రశ్న అడగవలసిందే. జవాబు పంట దశల్లో ఉంది. వరికి నత్రజని పిలక దశలో కావాలి. గింజ పాలుపోసుకునే వేళ కూడా అదే మోతాదులో అందుతుంటే పైరు ఏపుగా ఎదుగుతుంది, గాలికి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది, తెగుళ్లు తగులుకుంటాయి. రైతు ఎరువు సంచిని విప్పకుండా ఆపగలడు గాని, కాలువలో వచ్చేదాన్ని ఆపలేడు. నీళ్లు కావాలంటే ఎరువూ తీసుకోవాల్సిందే. దాంతో పాటు ఉప్పు, మిగిలిన నైట్రేట్ బావుల్లోకి దిగడం కూడా. పోషకాలను పొలానికి పంపాలన్న ఆలోచన నాకు నచ్చుతుంది. శుద్ధి కేంద్రంలో పట్టుకున్న భాస్వరం బురదలో చేరుతుంది, ఫ్యాక్టరీ వ్యర్థాలు కలవకుండా చూడగలిగితే ఆ బురద మళ్లీ ఎరువవుతుంది. అలా ఇచ్చేది రైతు తీసుకోవాలా వద్దా నిర్ణయించుకోగల ఎరువు. ఇప్పుడు ఇచ్చేది అది కాదు.

ప్రమాణాల దగ్గర మన వ్యవస్థ ఎంత ఊగిసలాడిందో చూడండి. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ మురుగు శుద్ధి కేంద్రాలకు ప్రకటించిన ప్రమాణాల్లో కుళ్లే పదార్థానికి, తేలే మట్టికి, మలజనిత బ్యాక్టీరియాకు పరిమితులున్నాయి. నత్రజని, భాస్వరాలకు లేవు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ ప్రమాణాలు చాలవని చెప్పి, లీటరుకు మొత్తం నత్రజని పది, భాస్వరం ఒక మిల్లీగ్రాము దాటకూడదన్న స్థాయిని నిర్దేశించింది. ఇందాకటి లెక్కలో ఐదు బదులు ఒకటి వేయండి. రోజుకు 1,700 కిలోలు కాస్తా 339 కిలోలవుతుంది. అందుకే శుద్ధి కేంద్రం ఎన్ని లీటర్లది అన్న ప్రశ్న కంటే దాని నుంచి బయటికొచ్చే నీటిలో ఏం మిగిలింది అన్నది పెద్ద ప్రశ్న. 2021లో రాష్ట్ర ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు, మొత్తం 1,259 ఎంఎల్‌డీ సామర్థ్యానికి అనుమతి ఇచ్చింది. నగరం మురుగునంతా శుద్ధి చేస్తుందన్న ప్రకటన అప్పుడు బాగా వినిపించింది. మంచి పని. ఆ కేంద్రాల్లో వాడే పద్ధతి పాత అంబర్‌పేట పద్ధతి కంటే మెరుగైనది, జాగ్రత్తగా నడిపితే నత్రజనినీ కొంత భాస్వరాన్నీ తీస్తుంది. జాగ్రత్తగా నడపడం అన్న మాట దగ్గరే కథంతా ఉంది. గాలి ఎప్పుడు ఊదాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తప్పితే తొట్టె అదే, కరెంటు బిల్లు అదే, ఫలితం వేరు. ప్రారంభోత్సవంలో ఎంఎల్‌డీ చెబుతారు, ఆ తర్వాత ఏటా కిలోలు చెప్పాలని ఎవరూ అడగరు.

కిలోలు అడిగిన చోటు ఒకటుంది. అమెరికా తూర్పు తీరంలో చెసాపీక్ అనే అఖాతంలోకి ఆరు రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ నీళ్లు చేరతాయి. పరీవాహకం 64,000 చదరపు మైళ్లు. 1983 నుంచి ఆ రాష్ట్రాలు స్వచ్ఛందంగా ఒప్పందాలు చేసుకున్నాయి, 2000 గడువు దాటిపోయింది, 2010 గడువూ దాటిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో కేంద్ర పర్యావరణ సంస్థ అఖాతం భరించగలిగే నత్రజని, భాస్వరం, మట్టి ఎంతో లెక్కగట్టి, ఆ బరువును ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో నదికీ వాటాలు వేసి పంచింది. నత్రజని 25 శాతం, భాస్వరం 24 శాతం, మట్టి 20 శాతం తగ్గాలంది. గడువు 2025. పూర్తిగా సాధించలేదు. సాధించలేదు కాబట్టి మనకెందుకు అనేవారు ఒక వివరం గమనించాలి. మురుగు శుద్ధి కేంద్రాల వాటా గడువుకు చాలా ముందే, 2016 నాటికే పూర్తయింది. వెనకబడింది ప్రధానంగా పొలాల వాటా. గొట్టం చివర ఒక సంస్థ పేరుంటుంది, పొలం నుంచి జారే మట్టికి ఎవరి పేరూ ఉండదు. అమెరికా, కెనడాల సరిహద్దులోని ఈరీ సరస్సుదీ అదే గుణపాఠం. 1972 ఒప్పందం తర్వాత నగరాల మురుగును అదుపు చేస్తే బాగుపడింది, పొలాల నుంచి వచ్చే భాస్వరంతో మళ్లీ చెడింది. 2014 ఆగస్టులో దాని నీళ్లే తాగే టొలెడో నగరవాసులు కొళాయి నీళ్లు తాగలేని స్థితి వచ్చింది. హుస్సేన్‌సాగర్ ఎగువన చెప్పుకోదగ్గ సాగు లేదు. ఉన్నది ఇళ్లు, ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, నిర్మాణాలు. అంటే వాళ్లు చేయలేకపోయిన కష్టమైన భాగం మనకు చాలా తక్కువ, వాళ్లు చేసి చూపించిన భాగమే మనకు ఎక్కువ.

మనకున్న చిక్కు వేరు. చెరువు నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది. మురుగు గొట్టాలు జలమండలివి. వాననీటి నాలాలు నగరపాలక సంస్థవి. పికెట్ నాలా పై భాగంలో చాలా నేల రక్షణ శాఖ కింద నడిచే కంటోన్మెంట్ బోర్డుది. ఫ్యాక్టరీల సంగతి కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. రసూల్‌పురా దగ్గర నాలాలో పారే నీటికి ఈ ఐదింటిలో ఏది జవాబుదారీ? ఐదూ అన్నా ఒకటే, ఏదీ కాదన్నా ఒకటే. చెసాపీక్‌లో రాష్ట్రాల మధ్య వాటాలు వేసినట్టు ఇక్కడ సంస్థల మధ్య వేయాలి. నాలా కంటోన్మెంట్ హద్దు దాటే చోట ఇంత, చెరువులో పడే చోట ఇంత అని. వాటాలు వేయడానికి ఆరు రాష్ట్రాల గవర్నర్లను కూర్చోబెట్టనక్కరలేదు, సికింద్రాబాద్‌లో ఒక సమావేశ మందిరం చాలు.

అసలు ప్రమాదం ఫ్యాక్టరీల రసాయనాలైతే ఈ నాచు గొడవేమిటి అని అడిగేవాళ్లకు ఒక మాట. రసాయనాలు నిజంగానే ఎక్కువ ప్రమాదం, వాటి మీద చర్య వేరే జరగాలి. కానీ భాస్వరం మోసుకొచ్చే ఆ సన్న మట్టే లోహాలనూ మోసుకొస్తుంది, మట్టిని ఆపితే రెండూ తగ్గుతాయి. ఖర్చు సంగతి అడిగేవాళ్లకు ఇంకో మాట. అన్ని పనులకూ కోట్లు అక్కరలేదు. ఐరోపా సమాఖ్య 2013 నుంచి బట్టల సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్‌ను నామమాత్రానికి కుదించింది. దానికి గొట్టాలు తవ్వలేదు, నియమం రాశారు, అంతే. పునాది తవ్విన మట్టిని రోడ్డు మీద కుప్పపోసి మొదటి వానకు నాలాకు అప్పగించే బిల్డరును ఆపడానికీ పెద్ద ఖర్చు లేదు. కూల్చిన కట్టడాల శిథిలాలను తీసుకోవడానికి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో రోజుకు 500 టన్నుల చొప్పున సామర్థ్యమున్న కేంద్రాలున్నాయి. ఇంటి అనుమతి పత్రంతో పాటు తవ్విన మట్టి ఎక్కడికి పోతుందన్న కాగితం కూడా అడిగితే చాలు. ఇక పూడికతీత పేరుతో నాలాలోంచి తోడిన బురదను ఒడ్డునే ఆరబెట్టి వదిలేయడం గురించి ఏమనాలి? వర్షం దాన్ని తిరిగి నాలాలోనే వేస్తుంది, వచ్చే ఏడాది టెండరుకు పని సిద్ధం.

ఇందులో కొంత నొప్పి ఉంది, దాచను. మురుగు గొట్టం లేని బస్తీకి నాలాయే మరుగుదొడ్డి దారి. అక్కడ వాటా తగ్గించమని నోటీసు ఇవ్వడం అన్యాయం. ముందు గొట్టం వేయాలి. 2020 వరదల తర్వాత 2021లో మొదలెట్టిన నాలాల అభివృద్ధి కార్యక్రమంలో ముఖ్య ఉద్దేశం ముంపు తప్పించడం. నీరు త్వరగా పోవడానికి గోడలు కట్టి, దారి వెడల్పు చేస్తారు. ముంపులో మునిగినవాళ్లకు అది ప్రాణావసరం, కాదనలేం. అదే సమయంలో వేగంగా పోయే నీరు మట్టిని దారిలో దింపదు, నేరుగా చెరువులో దింపుతుంది. వేగం పెంచిన ప్రతి చోటా ఎగువన ఎక్కడో మట్టి దిగే చిన్న కుంటను నిలబెట్టాలి. మిగిలిన పాత చెరువులు ఈ పనికే పుట్టాయి. వాటిని వాకింగ్ ట్రాక్ చుట్టిన అలంకారంగా కాకుండా ఏటా పూడిక తీసి లోతు కాపాడే పనిముట్టుగా చూడాలి.

ఎగువన జరిగేదే చెరువు బాగోగులను తేలుస్తుందన్న సూత్రం మన ప్రభుత్వానికి కొత్తదేం కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాల కోసం 1996 మార్చిలో 111 నంబరు జీవో ఇచ్చి, పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద కట్టడాలను ఆపారు. నీళ్లలో ఏం కలిసిందో తేలాక చూద్దామనుకోలేదు, నేల మీద ఏం కట్టకూడదో ముందే చెప్పారు. ఆ జీవో ఆంక్షలకు సంబంధించిన నాయుడు కేసులో సుప్రీంకోర్టు ఆ దృష్టిని సమర్థించింది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ, శుద్ధి కేంద్రాలు కట్టి జలాశయాలను కాపాడతామన్నారు. గ్రామస్థులకు తమ భూముల మీద ఇరవై ఆరేళ్ల కట్టడి భారమైన మాట వాస్తవమే, వాళ్లకు పరిహారం ఇవ్వకుండా వాళ్ల చేత నగరానికి నీళ్లు కాపలా కాయించడం సమంజసం కాదు. కానీ కాపలా తీసేశాక చూసుకోవడానికి మనకు మిగిలిన ఉదాహరణ హుస్సేన్‌సాగరే. శుద్ధి కేంద్రాల మీద మాత్రమే ఆధారపడిన పరీవాహకం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నార్సింగి నుంచి నెక్లెస్ రోడ్డు దాకా వస్తే చాలు.

కాబట్టి మొదలెట్టవలసిన చోటు పికెట్ నాలా అని నా అభిప్రాయం. కూకట్‌పల్లి నాలా పెద్దది, పారిశ్రామిక వ్యర్థాలతో చిక్కుముడి. పికెట్ నాలా చిన్నది, ఎక్కువగా ఇళ్ల మురుగుది, ఎవరి హద్దు ఎక్కడో తెలిసినది. కంటోన్మెంట్ నుంచి బయటపడే కల్వర్టు దగ్గర ఒకటి, రసూల్‌పురా దాటాక ఒకటి, చెరువులో కలిసే ముందు ఒకటి, మూడు చోట్ల నీటి మట్టం కొలిచే కర్రలు, వాన పడ్డప్పుడు గంటగంటకూ తనంతట తానే నమూనా పట్టే పరికరాలు పెట్టవచ్చు. జూన్ మొదటి వానకు ముందే పెట్టాలి, ఎందుకంటే ఎండాకాలమంతా పేరుకున్నది ఆ వానలోనే కదులుతుంది. మూడు చోట్లా నత్రజని, భాస్వరం, మట్టి రోజుకు ఎన్ని కిలోలో రాసి, ఆ అంకెలను కంటోన్మెంట్ బోర్డు, జలమండలి, నగరపాలక సంస్థ మూడూ ఒకే కాగితం మీద ప్రచురించాలి. ఒక కొలత చోటుకూ తర్వాతి దానికీ మధ్య ఎంత పెరిగిందో అంకెలే చెబుతాయి, ఆ పెరిగినది ఎవరి వాటాయో వెతకడం అప్పుడు కష్టం కాదు. మొదటి ఏడాది అంకెల్లో తప్పులుంటాయి, పరికరం వరదలో కొట్టుకుపోవచ్చు కూడా. రెండో వానాకాలానికి పోల్చి చూడటానికి ఒక కాగితమైనా చేతిలో ఉంటుంది, ఇప్పుడు అది కూడా లేదు.